పూజగూట్లో లైసెన్సు

ఆ డబ్బా తెరిచింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ వారం డైరీలో కూడా "శుక్రవారం. మధ్యాహ్నం చదువుకున్నాను" అని మాత్రమే రాసి ఊరుకున్నాను. ఏం చదివానో, అది ఎక్కడి నుంచి తీశానో రాయలేదు.

డబ్బా అంటే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చే అట్టపెట్టె. నిఘంటువంత లావు. చుట్టూ పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి అతికించి ఉండేది. లోపల కొన్ని ఫ్లాపీలూ ఒక పుస్తకమూ ఉంటాయని పైన ఉన్న బొమ్మను బట్టి తెలిసేది. మా ఆఫీసులో దాని చోటు అల్మారా కాదు, పూజగూడు. కొన్న బిల్లును మడతపెట్టి కింద పరిచి, లక్ష్మీదేవి పటం పక్కన దాన్ని నిలబెట్టారు. ప్రతి శుక్రవారం పొద్దున సేటుగారు పటానికి కుంకుమ పెట్టి, అదే వేలితో డబ్బాకూ ఒక బొట్టు పెట్టేవారు. ఆ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ప్రోగ్రాం పేరులో రెండు అక్షరాలు కనిపించకుండా పోయాయి.

ఆఫీసు పాతబస్తీలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉండేది. కింద సేటుగారి తాతల నాటి హోల్‌సేల్ దుకాణం. పైన ఒకప్పుడు బట్టల బేళ్లు పేర్చిన గోదాము. దానికే సున్నం వేయించి, కిటికీలు మూయించి, ఒక ఏసీ పెట్టించి కంప్యూటర్ సెంటర్ చేశారు. దుమ్ము పడితే మెషీన్ పాడవుతుందని చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. గాజుల వ్యాపారులకు ధరల పట్టీలు, స్కూళ్లకు మార్కుల జాబితాలు, శుభలేఖల మీద అతికించే చిరునామాలు, ఇవీ మొదట్లో మా పనులు. సేటుగారిది నాలుగు తరాలుగా ఆ గల్లీలోనే ఉంటున్న తెలుగు వ్యాపార కుటుంబం. బజారంతా సేట్ అనే పిలిచేది కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్లం.

నేను డిగ్రీ అయ్యాక, టైపింగ్ వచ్చునన్న ఒక్క అర్హతతో అక్కడ చేరాను. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లం. నాన్నగారు ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఉప్పుగూడలో అద్దె ఇల్లు. పొద్దున్నే లాల్ దర్వాజా మీదుగా నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చేదాన్ని. నేను మాట్లాడేదే తక్కువ. మాట్లాడినప్పుడు ప్రతి మాట చివరా 'అండీ' తగిలేది. మా సీనియర్ ఆపరేటర్‌ను అందరూ భాయ్ అంటారని విని, చేరిన రోజున "భాయ్ అండీ" అని పిలిచాను.

"భాయ్ అండీ! సుంతే హై, సేట్? నాకు కొత్త పేరు పెట్టింది" అని అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. మర్నాటికల్లా ఆ పేరు నాకే అంటుకుంది. "అండీ వచ్చిందా? అండీకి చాయ్ చెప్పిండ్రా?" అని అడిగేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఎవరైనా ఒక రోజు అలా పిలవకపోతే ఏమైందోనని అనిపించేది.

పూజగూట్లోని డబ్బా కథ నాకు చెప్పింది భాయే. మొదటి కంప్యూటర్‌తో పాటే దాన్నీ కొన్నారట. ప్లాస్టిక్ మీద ఒక చీటీ అంటించి ఉంటే భాయ్ చదివి వినిపించాడట. ఈ ప్యాకెట్ తెరిస్తే లోపల రాసిన షరతులన్నీ ఒప్పుకున్నట్టే అని దాని అర్థం.

"లోపల ఏం రాసిండ్రు?" అని అడిగారట సేటుగారు.

"తెరిస్తేనే తెలుస్తది సేట్."

"తెరిస్తే ఒప్పుకున్నట్టంటివి గదా? అంటే తెల్వకుండనే ఒప్పుకోవాల్నా? మా తాత ఒప్పుకోలే, మా నాయిన ఒప్పుకోలే, నేనెట్ల ఒప్పుకుంట? ముట్టకు దాన్ని. గట్లనే పెట్టు."

సేటుగారి లెక్క బట్టల వ్యాపారం లెక్క. మిల్లు నుంచి వచ్చిన బేలుకు ఇనుప పట్టీ బిగించి ఉంటుంది. పట్టీ తెంచనంతవరకు బేలు వాపసు చేయవచ్చు. తెంచితే మంచైనా చెడైనా సరుకు మనది. ఆయన జీవితమంతా ఈ పద్ధతి మీదే నడిచింది. మధ్యలో ఎవరైనా బేలు విప్పి మళ్లీ బిగించారేమో చేత్తో తడిమి చెప్పేవారు. "ఒక్కపారి తెరిచిన మూట ఎంత మంచిగ కట్టినా నా చెయ్యికి ఎరుకైతది" అనేవారు. ఒకసారి మా కళ్లముందే ఒక బేలు అడుగున చెయ్యి పెట్టి చూసి లారీవాణ్ణి వెనక్కి పంపేశారు.

అందుచేత డబ్బా తెరవలేదు. మరి పని ఎలా జరగాలి? భాయ్ సికింద్రాబాద్‌లో ఉన్న దోస్తు దగ్గర అదే ప్రోగ్రాంను ఖాళీ ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని వచ్చాడు. సేటుగారికి అందులో తప్పేమీ కనిపించలేదు. డబ్బు పెట్టి కొన్నారు, బిల్లు ఉంది, సరుకు పూజలో ఉంది. ఇంకేం కావాలి?

నాకు కావలసింది లోపలి పుస్తకం.

చిన్నప్పటి నుంచీ అచ్చు కనపడితే ఆగలేను. పొట్లాల కాగితాలు కూడా విప్పి చదివేదాన్ని. మా మెషీన్‌లో ఆ ప్రోగ్రాం రోజూ నడిచేది కాని అది ఇంకా ఏమేం చేయగలదో మాలో ఎవరికీ పూర్తిగా తెలియదు. భాయ్‌కి దోస్తు చూపించినంత తెలుసు, మాకు భాయ్ చూపించినంత తెలుసు. తెలియనిదంతా రాసి ఉన్న పుస్తకం నా కుర్చీకి పది అడుగుల దూరంలో బొట్టు పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం మధ్యాహ్నం భాయ్ జుమ్మా నమాజ్‌కి వెళ్లేవాడు. సేటుగారు భోజనానికి ఇంటికి వెళ్లేవారు. గంటన్నర సేపు పైన నేనొక్కదాన్నే.

మూడు శుక్రవారాలు ఊరికే చూశాను. నాలుగో శుక్రవారం డబ్బాను తలకిందులు చేసి, అడుగున ప్లాస్టిక్ అతుకును బ్లేడుతో నెమ్మదిగా విప్పాను. అడుగు మూత తీసి వంచితే పుస్తకం జారి ఒళ్లో పడింది. చదివి, మళ్లీ లోపల పెట్టి, అతుకు మీద పారదర్శకంగా ఉండే టేపు ముక్క అంటించి, బిల్లు మీద నిలబెట్టాను. బొట్టు చెదరలేదు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే దారిలో అందరూ నా చేతులే చూస్తున్నట్టు అనిపించింది. అయినా మరుసటి శుక్రవారం మళ్లీ తీశాను. రెండు నెలల్లో పుస్తకం అయిపోయింది. ఇంగ్లీషు కష్టంగానే ఉండేది. కానీ ఎవరో ఓపికగల మనిషి ఎదురుగా కూర్చుని, నేను సిగ్గుపడి అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెబుతున్నట్టు ఉండేది.

దాంతోనే తెలిసింది, ఒకే ఉత్తరాన్ని వందమందికి వంద పేర్లతో, వంద చిరునామాలతో మెషీనే రాయగలదని. ఒక చీరల వ్యాపారికి అలా చేసి ఇస్తే ఆయన కాగితాలు చేతిలో పట్టుకుని, "ప్రతి ఒక్కని పేరు వేరే వేరే పడ్డది! ఎవ్వరు కూసొని రాసిండ్రు?" అని అడిగాడు. ఆ సంగతి బజారులో పాకింది. పని పెరిగింది. ఒక మెషీన్ మూడయ్యాయి, మూడు ఏడయ్యాయి. భాయ్, నేనూ కాక ఇంకో ఇద్దరు ఆపరేటర్లు చేరారు. వెనక గదినీ ఖాళీ చేయించి కలుపుకున్నారు. "అండీకి దిమాగ్ మస్తుంది" అనేవాడు భాయ్. నేను తల వంచుకునేదాన్ని. వినయం అనుకునేవారు.

ప్రతి కొత్త మెషీన్‌కూ భాయ్ ప్రోగ్రాంను కాపీ చేసేవాడు. ఆ ఫ్లాపీల మీద చీటీ రాసి అంటించడం, రిజిస్టర్‌లో ఎక్కించి అల్మారాలో పెట్టడం నా పని. కాపీ ఒకటి, కాపీ రెండు, కాపీ మూడు. ఆరో కాపీ రాస్తున్నప్పుడు పెన్ను కాసేపు ఆగింది. ఎందుకంటే డబ్బాలో పుస్తకంతో పాటు ఒక కాగితం కూడా ఉంది. అదే లైసెన్సు. దాన్ని విడిగా ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాను కూడా. అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది: ఈ ప్రోగ్రాం ఒక్క మెషీన్ మీదే వాడాలి, ఇంకో మెషీన్‌కు ఇంకో డబ్బా కొనాలి. ఆఫీసు మొత్తంలో ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. అందుకని చెప్పలేదు.

అలాంటి రోజుల్లో మందుల కంపెనీ పని వచ్చింది. ఊరికి అవతలి వైపున్న పెద్ద కంపెనీ. వాళ్ల డీలర్ల జాబితాలు, ఉత్తరాలు, చిరునామాలు, అన్నీ ఏడాది పొడుగునా మాకే ఇస్తామన్నారు. సేటుగారు ఆ ధైర్యంతోనే ఆఖరి రెండు మెషీన్లూ కొన్నారు, ఇద్దరమ్మాయిలను కొత్తగా చేర్చుకున్నారు. ఒకమ్మాయి కిషన్‌బాగ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. పని ఖాయమైతేనే మీ ఉద్యోగాలు ఖాయం అని ఆయన వాళ్లతో ముందే చెప్పారు.

పని ఖాయం చేసే ముందు కంపెనీ ఒక ఫారం పంపింది. వాళ్లకు విదేశీ కంపెనీతో పొత్తు ఉంది కాబట్టి వాళ్ల పని ఎక్కడ జరిగినా లైసెన్సు ఉన్న ప్రోగ్రాంల మీదే జరగాలట. ఎన్ని మెషీన్లు, ఏ మెషీన్‌లో ఏ ప్రోగ్రాం, దాని లైసెన్సు నంబర్ ఎంత, అన్నీ గడుల్లో నింపి, రిజిస్టర్ చూసేవాళ్లు సంతకం పెట్టాలి. సోమవారం వాళ్ల ఆఫీసర్ వచ్చి చూస్తుంది.

సేటుగారు శనివారం పొద్దున ఫారం నా బల్ల మీద పెట్టారు. "నీ దస్తూరి మంచిగుంటది బిడ్డా. నింపి సంతకం పెట్టు. లైసెన్స్ అంటే మనకేం ఫికర్ లేదు, పూజల ఉన్నది గదా."

ఏడు గడులు. వాటికెదురుగా లైసెన్సు నంబర్ కోసం ఏడు ఖాళీలు. మా దగ్గర ఉన్న నంబర్ ఒకటి. అదీ ఎవరూ తెరవలేదనుకుంటున్న డబ్బాలో ఉంది.

ముందుగా భాయ్‌కి చూపించాను. అతను ఫారం చదివి భుజాలు ఎగరేశాడు. "డబ్బా తెరిపించి గదే నంబర్ ఏడు సార్లు రాయ్. ఎవరు చూస్తర్?"

"ఒక నంబర్ ఒక మెషీన్‌కేనండీ. మిగతా ఆరూ మనవి కావు."

"మనవి కావంటే? నేను చేసిన కాపీలు అవి." నవ్వుతూనే ఉన్నాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు. "అంటే నేను చోర్‌నా?"

"అలా అనలేదండీ."

"అనలే. కానీ గట్ల చూస్తున్నవ్." కాసేపు ఫ్లాపీ కవరును వేళ్ల మధ్య తిప్పాడు. "దోస్తు దగ్గర తెచ్చిన. ఒక్క పైసా తీసుకోలే, ఎవ్వరికీ అమ్మలే. అడిగినోనికి ఇచ్చిన. నేకీ, పుణ్యం అనుకున్న నేను."

అతని గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. ఆ ఆఫీసులో నాకు కీబోర్డు మీద చెయ్యి పెట్టడం నేర్పినవాడు అతను. "నేను కూడా చీటీలు రాశాను కదండీ" అన్నాను. భాయ్ నా వైపు చూసి, "అచ్ఛా, చోరీల పార్ట్‌నర్‌వి అన్నట్టు" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం, కొంచెంగా.

ఆదివారం ఇంట్లో ఫారం ముందేసుకుని కూర్చున్నాను. ఏడు చోట్లా ఒకే నంబర్ రాస్తే సరిపోయేది. కానీ కింద సంతకం నాది. నంబర్ రాయకపోతే పని పోతుంది. ఆ ఇద్దరమ్మాయిలూ పోతారు. నన్నూ ఉంచుతారన్న నమ్మకం లేదు. నాన్నగారు వరండాలో పేపర్ చదువుతున్నారు. అసలు సంగతి చెప్పకుండా, "నింపడానికి ఏమీ లేని గడి ఉంటే మీ ఆఫీసులో ఏం చేస్తారు నాన్నగారూ?" అని అడిగాను.

ఆయన పేపర్ దించలేదు. "ఖాళీగా వదిలేస్తామమ్మా. ఖాళీ ఉంటే పైవాళ్లు ఎందుకని అడుగుతారు. అడిగితే జవాబు చెప్పొచ్చు. తప్పు రాసి నింపామనుకో, అప్పుడెవరూ అడగరు. అడిగేనాటికి జవాబు ఉండదు." ఒక పేజీ తిప్పి, "ఏ ఆఫీసు ఫారం?" అన్నారు.

"మాదేనండీ."

"ఊఁ" అని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

ఏడు గడులనూ ఖాళీగానే ఉంచి సంతకం పెట్టాను. పక్కన చిన్న అక్షరాలతో రాశాను: "ఒక లైసెన్సు ఉంది. వాడుకలో లేదు."

సోమవారం పొద్దున ఆఫీసర్ రాకముందే కిందకి దిగి సేటుగారికి ఫారం ఇచ్చాను. ఆయన తెల్ల పరుపు మీద కూర్చుని ఒక తాను కొలుస్తున్నారు. ఫారం చూసి గజంబద్ద పక్కన పెట్టారు.

"ఏందిది? గిన్ని ఖాళీలేంది?"

"నంబర్లు లేవండీ."

"లేకపోవుడేంది? డబ్బా లేదా? బిల్లు లేదా?"

"ఒక డబ్బా ఒక్క మెషీన్‌కేనండీ. మనకు ఏడున్నాయి."

"ఎవ్వరన్నరు?"

"డబ్బాలో రాసి ఉందండీ."

అనేశాక తెలిసింది ఏమన్నానో. దుకాణంలో ఎవరూ లేరు. పైన ఫ్యాను తిరుగుతోంది. సేటుగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "తెరవని డబ్బల ఏం రాసున్నదో నీకెట్ల ఎరుక?"

నేల మీద పరిచిన చాప అంచు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ నిమిషంలో అంతా చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం వేరే మాట.

"మిల్లు ముద్ర లేని తాను మీద మనమే ముద్ర వేసి అమ్ముతామా అండీ?"

పక్క గల్లీలో ఒక కొట్టువాడు అదే పని చేస్తాడని బజారంతా అనుకునేది. సేటుగారు అతని కొట్టు ముందు నుంచి నడిచేవారు కూడా కాదు. నేను ఆ మాట అనగానే ఆయన ముఖం ఎర్రబడింది.

"నన్ను వానితోని జోడిస్తున్నవా?"

"లేదండీ. మీరు అమ్మరని తెలుసు. అందుకే ఖాళీగా ఉంచానండీ."

అంత పొడుగు మాట ఆయనతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన తాను చివర పట్టుకుని, మిల్లు ముద్ర మీద బొటనవేలితో రుద్దారు. తర్వాత ఫారం మడిచి జేబులో పెట్టుకుని, "పైకి పో" అన్నారు. నన్ను పైకి పొమ్మన్నారా, పనిలోంచి పొమ్మన్నారా అని మెట్ల మీద ఒక క్షణం ఆగి ఆలోచించాను.

పదకొండింటికి ఆఫీసర్ వచ్చింది. యాభై ఏళ్లావిడ. బయట చెప్పుల వరసలో తన చెప్పులను సరిగ్గా జోడించి పెట్టి లోపలికి వచ్చింది. సేటుగారు ఫారం తీసి ఆమెకు ఇచ్చారు. నేను ఇచ్చినట్టే, ఖాళీగానే ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. "అందరూ నింపి ఇస్తారు. నేను వెళ్లి చూస్తే సగం అబద్ధాలు. ఒక్క గడీ నింపకుండా ఇచ్చినవాళ్లను చూడలేదు" అంది. మెచ్చుకుందో తప్పుపట్టిందో తెలియలేదు. "ఈ ఒక్క లైసెన్సు ఎక్కడుంది?"

సేటుగారు పూజగూడు దగ్గరికి వెళ్లారు. ఆయన డబ్బాకు దండం పెట్టుకుని, ఎడమ అరచేతి మీదికి తీసుకున్నారు. కింద దుకాణం నుంచి తెచ్చిన కత్తెరతో పైనుంచి ప్లాస్టిక్ కోశారు. కోస్తున్నంతసేపూ, లోపలివి తీసి బల్ల మీద పెడుతున్నంతసేపూ, డబ్బా ఆ అరచేతి మీదే ఉంది. అడుగున నేను అంటించిన టేపు ఎవరికీ కనపడలేదు.

ఆమె లైసెన్సు కాగితం మీది నంబర్ ఫారంలో మొదటి గడిలో తానే రాసుకుంది. "ఈ ఒక్క మెషీన్ మీద మా పని చేయొచ్చు. మిగతా ఆరింటిలో ఆ ప్రోగ్రాం ఉంటే పని ఇవ్వలేను. తీసేస్తే, ఇప్పుడు సగం పని ఇస్తాను. మిగతా సగం మీరు లైసెన్సులు కొన్నప్పుడు."

"ఒక్క మెషీన్ మీద సగం పనెట్లయితది మేడం?" అన్నారు సేటుగారు. "ఇద్దరు పోరిలను కొత్తగ తీసుకున్న."

అప్పుడు నేను మాట్లాడాను. ఎందుకో ఒకసారి మాట్లాడాక రెండోసారి అంత కష్టం కాలేదు. "లైసెన్సు మెషీన్‌కేనండీ, మనిషికి కాదు. పొద్దున ఏడు నుంచి ఒకరు, ఒంటిగంట నుంచి ఒకరు కూర్చోవచ్చు. ఇంకో రెండు డబ్బాలు కొంటే మూడు మెషీన్ల మీద ఆరుగురం. ఎవరూ పోనక్కర్లేదండీ."

ఆఫీసర్ నా వైపు తిరిగింది. "ఈ సంతకం నీదేనా?"

"అవునండీ."

"ఇలాగే ఒక పుస్తకం పెట్టు. ఏ మెషీన్‌లో ఏముందో, దాని నంబర్ ఎంతో. వచ్చినప్పుడల్లా అదే చూస్తాను."

ఆమె వెళ్లాక భాయ్ ఆరు మెషీన్ల ముందూ ఒక్కొక్కసారి కూర్చుని తన కాపీలను తనే చెరిపేశాడు. ఒక్కో మెషీన్ అయ్యాక దాని మీద గుడ్డ కప్పాడు. ఆఖరిదాని ముందు, "మయ్యత్‌ల పీనుగకు కప్పినట్టు కప్పుతున్న" అన్నాడు. కిషన్‌బాగ్ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. తర్వాత అతను అల్మారా తెరిచి, నేను చీటీలు రాసిన ఫ్లాపీలన్నీ తెచ్చి నా ముందు పోశాడు. "చీటీలు చింపు, పార్ట్‌నర్. ఖాళీ ఫ్లాపీలు పనికొస్తయ్."

ఆ నెల మాకు ఇబ్బందిగానే గడిచింది. ఏడు మెషీన్ల ఆఫీసులో ఒకటే నడిచేది. దాని ముందు వంతులు వేసుకుని కూర్చునేవాళ్లం. చూడవచ్చిన వ్యాపారులు కప్పిన మెషీన్లను చూసి "దివాలా తీసిండ్రా సేట్?" అని వెక్కిరించేవాళ్లు. సేటుగారు "లైసెన్స్ రావాలె" అని మాత్రమే అనేవారు, ఏదో తుపాకీ లైసెన్సు అన్నట్టు. నేను కొత్త రిజిస్టర్ మొదలుపెట్టాను. గీతలు గీసి, మెషీన్, ప్రోగ్రాం, నంబర్, ఎక్కించిన తేదీ, ఎక్కించినవారు అని రాశాను. మొదటి పేజీలో ఒకే వరస. పేజీ నిండా తెల్లగా ఉంది. ఆ తెలుపు చూస్తే నాకు భయం వేయలేదు.

ప్రోగ్రాం పుస్తకం మాత్రం ఇప్పుడు నా బల్ల మీదే ఉండేది. అందరి ముందూ చదువుకునేదాన్ని. భాయ్ కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు. "ఇది చదవకుండనే ఇన్ని రోజులు ఎట్ల చేసినవ్ ఆ వంద ఉత్తరాలు?" అని ఒకసారి అడిగాడు. పేజీ తిప్పాను.

రెండు కొత్త డబ్బాలు ఒక శుక్రవారం పొద్దున వచ్చాయి. సేటుగారు స్నానం చేసి, తెల్ల ధోవతి కట్టుకుని పైకి వచ్చారు. కొబ్బరికాయ కొట్టి, రెండు డబ్బాలకూ బొట్లు పెట్టారు. భాయ్ అప్పటికే రెండు మెషీన్ల మీద గుడ్డలు తీసి దులుపుతున్నాడు. కొత్తమ్మాయిలిద్దరూ ప్రసాదం కోసం చేతులు చాపి నిలబడ్డారు. నేను రిజిస్టర్ తెరిచి, రెండో వరస దగ్గర పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. సేటుగారు డబ్బాలను పూజగూట్లో ఉంచలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, ఒకదాన్ని నా ముందు పెట్టి, దాని పక్కన దుకాణం కత్తెర పెట్టారు. ఎవరికీ వినపడకుండా వంగి, అరచేత్తో డబ్బా అడుగును ఒకసారి తడిమి, నాతో అన్నారు:

"తీసుకో బిడ్డా. ఈపారి అడుగునుంచి కాదు, పైనుంచి తెరువు."